పారాణి ఎందుకు ఎర్రబడుతుంది?

"మా వాడికి లెక్కలంటే గిట్టదండీ, సైన్సు పుస్తకం ముట్టుకోడు. ఆసక్తి కలిగించేదెలా?" పదవ తరగతి పిల్లలున్న ఇంటింటా వినబడే ప్రశ్న. నా అభ్యంతరం ఈ ప్రశ్న మీదే. ఉన్న ఆసక్తిని మన చేతులతోనే చంపి, ఇప్పుడు వైద్యుని కోసం వెదకుతున్నాం.

ముందు నా నేరం చెప్పుకుంటాను. ఏడవ తరగతిలో మా అమ్మాయి, "మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది నాన్నా?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదనడానికి నామోషీ. "అది పరీక్షలో అడగరు, సూత్రం గుర్తుపెట్టుకో" అన్నాను. మళ్ళీ నన్ను లెక్కల్లో ఏమీ అడగలేదు. జవాబేమో కాగితం మీద నాలుగు వరుసలు! మైనస్ రెండును మూడుతో గుణిస్తే మైనస్ ఆరు, రెండుతో మైనస్ నాలుగు, ఒకటితో మైనస్ రెండు, సున్నాతో సున్నా. మెట్టు దిగినకొద్దీ ఫలితం రెండేసి పెరుగుతోంది. తరువాతి మెట్టు మైనస్ ఒకటి. అక్కడ ప్లస్ రెండు కాక మరేమి రాగలదు? ఇద్దరం కూర్చుని ఉంటే పది నిమిషాల పని.

ఎంసెట్‌గా పుట్టి నేడు ఈఏపీసెట్ అయిన పరీక్షలో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. అక్కడ 'ఎందుకు' అనేవాడు వెనుకబడతాడు. అది జల్లెడ, జల్లెడ పని జల్లించడమే, దానిని తిట్టను. సీటు రాకుంటే బ్రతుకు తెల్లవారదని భయపడే పేద తండ్రిని అసలే తిట్టను. కానీ 'ఫౌండేషన్' పేరిట ఆ జల్లెడను ఆరవ తరగతికి దించుకున్నదెవరు? ఫీజు కట్టిన మనమే. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాలలో తెలుగు చేశాడు. లెక్కను పద్యంగా చెప్పుకున్న భాషలో ఇప్పుడు 'బిట్లు' మింగిస్తున్నాం!

ప్రోత్సాహమంటే సెల్‌ఫోను ఎర చూపడమా? ప్రక్కింటి పిల్లవాడి మార్కులు వల్లించడమా? కలం పట్టుకుని ప్రక్కన కూర్చోండి, న్యాయమూర్తిలా కాదు, తోటి విద్యార్థిలా. తప్పు చేయండి, వాళ్ళను దిద్దనివ్వండి.

బుద్ధి వచ్చి నేనూ ఆ ప్రయత్నమే చేశాను. మొన్న బంధువుల పెళ్ళిలో పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తున్నారు. "ఎర్రగా ఎందుకైందో చెప్పు, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపవుతుందేమో చూద్దామా?" అన్నాను. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి నన్ను అనుమానంగా చూసింది.

"ఇది సిలబస్‌లో ఉందా నాన్నా?"