ఎడిటర్ ఎవరిష్టం వారిది, బిల్డ్ మాత్రం అందరిదీ

"నా ల్యాప్‌టాప్‌లో రన్ అవుతోంది సార్" అనే మాటను మన బ్రాంచిలో నిషేధించాలని నా అభిప్రాయం. ప్రాజెక్టు రివ్యూలు మొదలైతే చాలు, కారిడార్‌లో ఈ మాట తప్ప ఇంకోటి వినబడదు. నలుగురి బ్యాచ్‌లో ఒకరి దగ్గర ఎక్లిప్స్, ఇంకొకరి దగ్గర ఇంటెల్లిజే, మిగతా ఇద్దరి దగ్గర వీఎస్ కోడ్. కోడ్ ఒకటే, రన్ అయ్యేది మాత్రం ఒక్క చోటే. ఎవరు చెడగొట్టారని అడిగితే మాత్రం అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం.

సాహిత్య క్లబ్ పత్రికలో ఈ గోల ఏంటని మీరు అడగొచ్చు. మన రోజులో సగం ఈ గోలతోనే గడుస్తోంది, దాని గురించి తెలుగులో మాట్లాడుకోకపోతే ఎలా?

ముందు పేర్ల తికమక చూడండి. ఎక్లిప్స్‌లో వర్క్‌స్పేస్ ఉంటుంది, అందులో ప్రాజెక్టులు ఉంటాయి. ఇంటెల్లిజేలో ప్రాజెక్టు ఉంటుంది, అందులో మాడ్యూళ్లు ఉంటాయి. అంటే ఒకరు ప్రాజెక్టు అనేదాన్ని ఇంకొకరు మాడ్యూల్ అంటారు. రెండు ఎడిటర్లూ 2001లోనే వచ్చాయి, కానీ ఎవరి భాష వారిదే. మావెన్ పద్ధతి ఇంకోటి: పై ఫోల్డర్‌లో పేరెంట్ పామ్ ఫైలు, దాని కింద ఒక్కో మాడ్యూల్‌కి ఒక్కో ఫోల్డరు, అందులో దాని సొంత పామ్. ఇల్లు, ఇంట్లో గదులు. ఎక్లిప్స్ చాలాకాలం ఆ గదులన్నిటినీ తీసుకొచ్చి వీధిలో వరసగా పేర్చినట్టు చూపించేది. అందుకని కొన్ని టీములు పేరెంట్‌ని కూడా పిల్లల పక్కనే ఇంకో ఫోల్డరుగా పెట్టుకునేవి. కుర్చీ పట్టడం లేదని ఇంటి ప్లానే మార్చుకోవడం లాంటిది ఇది.

పేర్ల గొడవతో పోయేదైతే పర్లేదు. అసలు చిక్కు ఏంటంటే, ఎడిటర్ దయతో కంపైల్ అయిపోయిన కోడ్ బయట కంపైల్ కాదు. ఒక ఉదాహరణ చెప్తాను. మావెన్‌లో అసలు కోడ్ వేరు, టెస్ట్ కోడ్ వేరు. జేయూనిట్ లాంటి లైబ్రరీని టెస్ట్ స్కోప్‌లో పెడితే అసలు కోడ్‌కి అది కనబడదు. ఎక్లిప్స్‌లో 2018లో ఫోటాన్ వెర్షన్ వచ్చేదాకా ఈ తేడా లేదు, ప్రాజెక్టు మొత్తానికి ఒకటే క్లాస్‌పాత్. అసలు కోడ్‌లో పొరపాటున జేయూనిట్ క్లాస్ వాడినా ఎర్రగీత పడేది కాదు. టెర్మినల్‌లో మావెన్ కొట్టినప్పుడు తెలిసేది సంగతి. మన ల్యాబుల్లో ఇంకా పాత ఎక్లిప్స్ ఉన్న సిస్టమ్‌లు ఎన్నున్నాయో మీకూ తెలుసు.

ఇంటెల్లిజే వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. మావెన్ ప్రాజెక్టులో ప్రాజెక్ట్ స్ట్రక్చర్ విండో తెరిచి చేత్తో ఒక జార్ ఫైలు కలిపారనుకోండి, అప్పటికి అంతా బాగానే ఉంటుంది. పామ్‌ని మళ్లీ లోడ్ చేయగానే అది మాయం. ఎందుకంటే ఆ విషయం ఎడిటర్‌కే తెలుసు, బిల్డ్‌కి ఎవరూ చెప్పలేదు. ఇక వీఎస్ కోడ్ వాళ్లకో తమాషా విషయం: మీ జావా ఎక్స్‌టెన్షన్ లోపల పనిచేసేది ఎక్లిప్స్ వాళ్ల ఇంజనే.

కాబట్టి నా వాదన సూటిగా ఇది. ఏ మాడ్యూల్ దేని మీద ఆధారపడుతుంది, ఏ లైబ్రరీ ఏ వెర్షన్ అన్న నిజం ఒక్క బిల్డ్ ఫైల్లోనే ఉండాలి. ఎడిటర్ దాన్ని చదువుకోవాలి, అంతే. డాట్ ఐడియా ఫోల్డరు, ఐఎంఎల్ ఫైళ్లు, ఎక్లిప్స్ క్లాస్‌పాత్ ఫైలు గిట్‌లోకి రాకూడదు. మాకు సీనియర్ల నుంచి అందిన ఒక ప్రాజెక్టులో క్లాస్‌పాత్ ఫైలు తెరిస్తే సీ డ్రైవ్, యూజర్స్, ఆ అన్నయ్య ముద్దుపేరు, డౌన్‌లోడ్స్, అక్కడో జార్ ఫైలు అని ఉంది. అన్నయ్య పాసై వెళ్లిపోయాడు, జార్ ఆయనతోనే వెళ్లిపోయింది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. స్టువర్ట్ ఫెల్డ్‌మన్ బెల్ ల్యాబ్స్‌లో మేక్ రాసింది 1976లో. తర్వాత యాంట్, మావెన్, గ్రేడిల్ వచ్చాయి. 2013లో ఆండ్రాయిడ్ స్టూడియోని ప్రకటించినప్పుడు గూగుల్ కూడా బిల్డ్‌ని గ్రేడిల్‌కి అప్పగించింది. ఎడిటర్ సింక్ చేసుకుంటుంది తప్ప సొంతంగా నిర్ణయించదు. ఆ సింక్ పూర్తయ్యేలోపు క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి రావచ్చన్నది వేరే విషయం.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, ఇది టెక్నికల్ విషయం మాత్రమే కాదు. ప్రాజెక్టు ఎవరి ల్యాప్‌టాప్‌లో రన్ అవుతుందో వాళ్లే దానికి యజమాని అయిపోతారు. 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు ఇంటెల్లిజే తెరుచుకుంటారు. 4 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు, అసలు ల్యాప్‌టాపే లేక ల్యాబ్ టైమింగ్స్ మీద బతికేవాళ్లు డాక్యుమెంటేషన్‌కి, పీపీటీకి పరిమితమైపోతారు. "నువ్వు రిపోర్ట్ చూసుకోవే, కోడ్ మేం చూసుకుంటాం" అనే మాట నా చెవులారా విన్నాను. ఏడాది తర్వాత ఇంటర్వ్యూలో అదే ప్రాజెక్టు మీద ప్రశ్న పడేది ఆ అమ్మాయికి కూడా. ఒక్క కమాండ్‌తో ఎక్కడైనా బిల్డ్ అయ్యే ప్రాజెక్టులో నోట్‌ప్యాడ్‌తో కోడ్ రాసినా చెల్లుతుంది.

ఇక మాడ్యూళ్లు విడగొట్టడం సంగతి. మనవాళ్ల పద్ధతి చాలా సులువు: నలుగురం ఉన్నాం కాబట్టి నాలుగు మాడ్యూళ్లు. మెల్విన్ కాన్వే 1968లోనే చెప్పాడు, టీము నిర్మాణం ఎలా ఉంటే వాళ్లు తయారుచేసే సిస్టమ్ అలాగే ఉంటుందని. మన ప్రాజెక్టులే సాక్ష్యం. దోస్తులిద్దరి మాడ్యూళ్లు ఒకదాంట్లో ఒకటి చొరబడి ఉంటాయి, మాటల్లేని ఇద్దరి మాడ్యూళ్లు కలవనే కలవవు. డేవిడ్ పార్నాస్ 1972 నాటి పేపర్‌లో దీనికి మంచి కొలత ఉంది: మారే అవకాశం ఉన్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్‌లో దాచాలి. జావా పుట్టకముందు మాట, ఇప్పటికీ పనికొస్తోంది.

మా బ్యాచ్ హాస్టల్ మెస్ బిల్లు ప్రాజెక్టు చేస్తోంది. బిల్లు వేయాలంటే ఎవరు ఎన్ని రోజులు తిన్నారో హాజరు మాడ్యూల్ చెప్పాలి. బాకీ ఉన్నవాళ్లకి హాజరు వేసేటప్పుడు హెచ్చరిక చూపాలంటే బిల్లు మాడ్యూల్ చెప్పాలి. రెండూ ఒకదాన్నొకటి పిలిస్తే మావెన్ ఒప్పుకోదు, సైక్లిక్ రిఫరెన్స్ అని ముఖం మీదే చెప్పి ఆగిపోతుంది. మా వాళ్లలో ఒకరు రెండూ కలిపేద్దామన్నారు. మెస్ రేట్లు నెలనెలా మారతాయి, హాజరు పద్ధతి మారదు, కాబట్టి కలపొద్దని నేను పట్టుబట్టాను. చివరికి "ఈ విద్యార్థికి బాకీ ఉందా" అనే ప్రశ్నని హాజరు మాడ్యూల్‌లో ఇంటర్‌ఫేస్‌గా పెట్టాం. జవాబిచ్చే క్లాస్ బిల్లు మాడ్యూల్‌లో ఉంటుంది. రెంటినీ జతచేసే పని పైనున్న యాప్ మాడ్యూల్‌ది. మావెన్ తిట్టకపోయుంటే ఈ ఆలోచనే వచ్చేది కాదు. ఎర్ర అక్షరాల్ని శత్రువులా చూడకండి.

"రెండువేల లైన్ల ప్రాజెక్టుకి ఇంత హంగామా అవసరమా?" అని మా రూమ్మేట్ ప్రశ్న. మాడ్యూళ్లు అవసరం లేదు, నిజమే. సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి ఒక్క మాడ్యూల్ చాలు. ఆరు ఫోల్డర్లు చేసి ఒక్కోదాంట్లో రెండేసి క్లాసులు పెట్టడం వైవాలో గొప్ప కోసమే. ఇల్లు అలకగానే పండగ కాదు. కానీ బిల్డ్ ఫైలు మాత్రం రెండొందల లైన్లకైనా కావాలి.

నెట్ సరిగా రాని ల్యాబ్‌లో మావెన్ ఎలా అంటారా? లైబ్రరీలు ఒక్కసారి దిగితే హోమ్ ఫోల్డర్‌లో ఎం2 రిపాజిటరీలో దాచుకుంటుంది. తర్వాత ఆఫ్‌లైన్ ఆప్షన్‌తో నడుస్తుంది. ర్యాపర్ స్క్రిప్టు కూడా పెడితే మావెన్ వెర్షన్ గొడవా ఉండదు, అందరికీ ఒకటే దిగుతుంది.

మన డిపార్ట్‌మెంట్‌కి నాదొక విన్నపం. రివ్యూ రోజు ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లని తెచ్చుకోనివ్వకండి. ల్యాబ్‌లో ఏదో ఒక సిస్టమ్ చూపించి, అక్కడ క్లోన్ చేసి ఒక్క కమాండ్‌తో బిల్డ్ చేయమనండి. ఆ కమాండ్ ఎవరు కొట్టాలో కూడా మీరే పేరు పిలిచి చెప్పండి. కావాలంటే మా బ్యాచ్‌తోనే మొదలుపెట్టండి. మా రీడ్‌మీలో ఉన్నవి మూడే లైన్లు: జేడీకే 17 వేయండి, క్లోన్ చేయండి, ర్యాపర్ కమాండ్ కొట్టండి.