చేబ్రోలు యహూదీలు

మొన్న ఈపురుపాలెంలో దుకాణం దగ్గర ఒకాయన, బాకీ తీర్చని మనిషిని "యహూదీ" అని తిట్టాడు. నేనూ నోరు మెదపలేదు. ఆయన జిందగీలో ఒక్క యహూదీనైనా చూశాడా? దూరం పోనక్కర్లేదు భాయ్. బాపట్ల, పొన్నూరు దాటితే చేబ్రోలు. ఆ పక్కన కొత్తరెడ్డిపాలెంలో 1990ల నుంచి వాళ్ళ ఇబాదత్‌ఖానా, అదే సినగాగ్, ఉంది. బెనే ఎఫ్రాయిం అంటారు. యూసుఫ్ అలైహిస్సలాం కొడుకు ఎఫ్రాయిం ఔలాద్ అని వాళ్ళ దావా. మాదిగ కుటుంబాలు. ఇంట్లో తెలుగు, దుఆలో హీబ్రూ, శనివారం సబ్బాత్. మన సలాం వాళ్ళకి షాలోం, సదఖా సెదకా, సౌమ్ (రోజా) సోమ్. యోమ్ కిప్పూర్ రోజా అయితే మగ్రిబ్ ముందు మొదలై మర్నాడు చీకటి పడేదాకా, నీళ్ళు కూడా ముట్టరు. మనకంటే కష్టమే!

"వీళ్ళు అసలు యూదులేనా" అని బయటివాళ్ళు షక్ పడతారు. ఉర్దూ రాదని దూదేకుల వాళ్ళని మనమూ అలాగే అడిగాం కదా.

ఫలస్తీన్‌లో జుల్మ్ చూస్తే నాకూ గుస్సా వస్తుంది. అది ఇజ్రాయెల్ హుకూమత్ మీద. దానికి కొత్తరెడ్డిపాలెం కూలిమనిషి ఏం జవాబ్ చెబుతాడు?