టైరు మీది నాలుగంకెలు

మొదట మా ఇంట్లో పంచాయితీ జరిగింది టైరు గురించి కాదు, నాన్న గురించి.

జూన్‌లో తొలకరి పడిన ఉదయం. మా అమ్మాయికి ఊళ్లో పరీక్ష ఉంటే, నాన్న తన స్ప్లెండర్ వెనక కూర్చోబెట్టుకుని గాజువాక నుంచి బయల్దేరారు. షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డెక్కి కాన్వెంట్ జంక్షన్ వైపు వెళ్తుంటే ముందున్న ఆటో ఆగింది. నాన్న బ్రేకు నొక్కారు. చక్రం ఆగింది, బండి ఆగలేదు. వెనక చక్రం పక్కకి జారి ఇద్దరూ రోడ్డు మీద పడ్డారు. హెల్మెట్లున్నాయి కాబట్టి అమ్మాయికి మోచెయ్యి దోక్కుపోవడంతో, నాన్నకి మోకాలు వాయడంతో సరిపోయింది. ఆ రోడ్డు మీద లారీలు ఎలా తిరుగుతాయో విశాఖ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ క్షణంలో వెనక లారీ లేదు. అంతే.

సాయంత్రానికి ఇంట్లో తీర్పు తయారైపోయింది. "డెబ్బై దాటాక బండెందుకండీ?" అని అమ్మ. "అమ్మేద్దాం నాన్నా, నేను ఆటో మాట్లాడతాను" అని నేను. నాన్న ఏమీ అనలేదు. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం చేసినంత కాలం ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అనకుండా బండి మీదే తిరిగిన మనిషి. ఈ స్ప్లెండర్ 2004లో కొన్నది. పదిహేనేళ్లు నిండాక 2019లో ఒకసారి, 2024లో మరోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకొచ్చారు. అలాంటాయన ఆ రాత్రి తాళం చెవి తీసి టీవీ మీద పెట్టి వెళ్లి పడుకున్నారు. ఆ తాళం చెవిని చూస్తే నాకే ఏదోలా అనిపించింది.

మర్నాడు వంగిన ఫుట్‌రెస్టు సరిచేయించడానికి బండిని మా వీధి చివర పంచరు షాపుకి నడిపించుకెళ్లాను. ఎలాగూ అమ్మేసేదే కదా, కాస్త బాగుచేయిస్తే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని. షాపతను వెనక చక్రం తిప్పి, టైరు పక్క గోడని బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఈ టైరేటి బాబూ, సెక్కలాగుంది?"

"గ్రిప్పు బోలెడుంది కదా" అన్నాను.

"గ్రిప్పుంది బాబూ. రబ్బరే లేదు. ఎండిపోనాది" అని, గోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో ఉన్న అంకెలు తుడిచి చూపించాడు. 2212.

ఇది నాకు అంతవరకూ తెలియని సంగతి. మీలో తెలిసినవాళ్లుంటే క్షమించండి, తెలియనివాళ్లు మాత్రం ఈ పేరా చదివాక వెళ్లి మీ బండి చూసుకోండి. టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర, లేదా విడిగా చిన్న గడిలో, నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2212 అంటే 2012లో ఇరవై రెండో వారం, అంటే మే నెలాఖరు ప్రాంతంలో తయారైన టైరు. అంకెలు మూడే ఉంటే అది 2000కి ముందు సరుకు. దాని గురించి ఇక మాట్లాడుకోనక్కర్లేదు.

నాన్న రిటైరైన కొత్తలో వేయించిన టైర్లవి. అప్పట్నుంచి బండి బజారుకీ, గుడికీ తప్ప పెద్దగా తిరగలేదు. మిగతా కాలమంతా వాకిట్లో మధ్యాహ్నం ఎండ పడేచోట స్టాండు వేసి ఉండేది. తిరగని బండి టైరు అరగదు. అరగలేదు కాబట్టి బాగుందనుకున్నాం. ఇంటిల్లిపాదీ చేసిన పొరపాటు అదే.

నిజానికి కదలని టైరే తొందరగా పాడవుతుంది. టైరు రబ్బరులో ఎండకీ, గాలిలోని ఓజోనుకీ తట్టుకునేందుకు మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. బండి నడిచి టైరు నలుగుతూ ఉంటే ఆ మైనం లోపల్నుంచి పైకి ఊరి సన్నని పొరలా కాపాడుతుంది. నెలల తరబడి ఒకేచోట నిలబెడితే ఆ పని సరిగా జరగదు. పైన జుట్టంత పగుళ్లొస్తాయి, రబ్బరు గట్టిపడుతుంది. మెత్తని రబ్బరు రోడ్డులోని చిన్న చిన్న ఎగుడుదిగుళ్లలోకి ఒదిగి పట్టుకుంటుంది. చెక్కలా మారిన రబ్బరు పైపైన జారిపోతుంది. పొడి రోడ్డు మీద ఆ తేడా తెలియదు. తొలకరి రోజున తెలుస్తుంది. వేసవంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము మొదటి జల్లుకి పైకి తేలతాయి. పోర్టు రోడ్డయితే దానికి బొగ్గు పొడి కూడా తోడు. నాన్న బండి జారింది సరిగ్గా అలాంటి చోట, అలాంటి రోజున.

చట్టం ప్రకారం చూస్తే ఆ టైరు పాసే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రెండు చక్రాల బండి టైరుకి గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలన్నారు, కార్లకయితే 1.6. గాడి అడుగున చిన్న మెట్టులాంటివి ఉంటాయి. అవి ఎక్కడున్నాయో గోడ మీద టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, చిన్న త్రికోణమో చూపిస్తాయి. టైరు అరిగి ఆ మెట్టుకి సమానమైతే మార్చేయాలి. మా టైరు అందుకు చాలా దూరంలో ఉంది. లోతుకి లెక్క ఉంది గానీ వయసుకి ఆ నిబంధనలో లెక్క లేదు. అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి తెలిసినవాళ్లకి చూపించమని, పదేళ్లు దాటితే గాడులు ఎంత లోతున్నా తీసేయమని కొన్ని టైరు కంపెనీలే చెబుతాయి. ఉప్పుగాలి, ఎండ రెండూ ఉన్న మన ఊళ్లో నేనయితే పదేళ్లదాకా ఆగను.

ఈ సంగతి ఇంటికొచ్చి చెప్పగానే నాన్న లేచి కూర్చున్నారు. "చూశారా, ముసలిది నేను కాదు" అని అనలేదు గానీ, మొహంలో అదే ఉంది. అమ్మ మాత్రం "టైరూ ముసలిదే, మీరూ ముసలే" అంది. ఆవిడ మాటా కొట్టిపారేయలేం. ముప్ఫయ్యేళ్ల వాడయితే కాస్త ముందుగా బ్రేకు వేసేవాడేమో. కాకపోతే ఆ టైరుతో ముప్ఫయ్యేళ్ల వాడూ జారేవాడే.

సరే, కొత్త టైర్లు. ఇక్కడే మా బావమరిది రంగప్రవేశం. "బావా, ఎలాగూ మారుస్తున్నారు కదా, కాస్త వెడల్పువి వేయించెయ్. ట్యూబ్‌లెస్ అయితే పంచరు బాధే ఉండదు" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. నాన్న బండి చక్రాలు స్పోకులవి. స్పోకుల రంధ్రాల్లోంచి గాలి పోతుంది కాబట్టి ట్యూబు లేకుండా మామూలు స్పోకు చక్రం పనిచేయదు. వెడల్పు సంగతి కూడా అంతే. సన్నని రిమ్ముకి వెడల్పు టైరు ఎక్కిస్తే రెండు వైపులా రిమ్ము నొక్కేసి టైరు గుండ్రంగా ఉబ్బుతుంది. మలుపులో రోడ్డుకి ఆనాల్సినట్టు ఆనదు. చైను కవరుకో, మడ్‌గార్డుకో రాసుకోవచ్చు. స్ప్లెండరులో స్పీడు చూపించే కేబులు ముందు చక్రం నుంచే వస్తుంది కాబట్టి ముందు టైరు ఎత్తు మారితే ఆ ముల్లు కూడా అబద్ధం చెబుతుంది. బండి చేసినవాడు లెక్కలు కట్టి ఒక సైజు పెట్టాడు. ఇరవయ్యేళ్ల తర్వాత మన ముచ్చట కోసం దాన్ని మార్చడం నాకు నచ్చదు.

ఆ సైజు ఏమిటో పాత టైరు మీదే ఉంది. 2.75-18. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో. దాని పక్కన ముందు టైరుకి 42పి, వెనక టైరుకి 48పి. ఈ 42, 48 కిలోలు కావు, బరువు మోసే గుర్తులు. 42 అంటే 150 కిలోలు, 48 అంటే 180 కిలోలు. పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ముందూ వెనకా ఒకే సైజు కదా అని రెండూ ఒకేరకం కొనేవాళ్లున్నారు. ముందుది వెనక వేస్తే భార్యాభర్తలు, మధ్యలో పిల్లాడు, సంచీలో బియ్యం... ఇంత బరువు దాని లెక్కలో లేదు. అన్ని పాత బళ్లకీ రెండు చక్రాలు ఒకే సైజు కూడా కాదు. పాత బుల్లెట్ 350కి రెండూ 3.25-19 అయితే, యమహా ఆర్‌ఎక్స్100కి ముందుది వెనకదాని కన్నా సన్నం. ఎవరి బండి పుస్తకం వాళ్లు చూసుకోవాల్సిందే.

"పక్కనే అచ్యుతాపురంలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడే కొంటే చవకేమో" అంది అమ్మ. 2022లో ఆ యోకోహామా వారి ఫ్యాక్టరీ ప్రారంభమైందే ట్రాక్టర్లకీ, గనుల్లో తిరిగే యంత్రాలకీ వేసే టైర్లతోనమ్మా అని చెప్పాను. ఒక్కో టైరు మన వంటింటి తలుపంత ఉంటుందంటే నవ్వింది.

టైర్ల షాపుకి నాన్నా, నేనూ కలిసి వెళ్లాం. కుర్రాడు లోపల్నుంచి వెనక టైరు తెచ్చాడు. నాన్న జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, ధర అడక్కుండా ముందు ఆ నాలుగంకెలు వెతికారు. టైరు కొత్తదే, తయారై రెండేళ్లు దాటింది. "దీనికన్నా తాజాది లేదా బాబూ?" అంటే కుర్రాడు కూరగాయల బేరం విన్నట్టు చూశాడు. నీడలో సరిగా నిల్వ చేసిన టైరు ఏడాది, రెండేళ్లయినా పాడవదు, ఆ మాట నిజమే. కానీ డబ్బు ఒక్కటే అయినప్పుడు కొత్తది అడిగి తీసుకుంటే పోయేదేముంది? వెతికితే నాలుగు నెలల క్రితంది దొరికింది. ఐఎస్ఐ గుర్తు కూడా చూసుకున్నాం. మన దేశంలో టైర్లకి అది తప్పనిసరి.

పాత టైరు విప్పాక రిమ్ము లోపల చూస్తే తుప్పు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో స్పోకు రిమ్ముల తీరే ఇంత. ఆ తుప్పు గరుకుకి కొత్త ట్యూబు అయినా నెలల్లో చిల్లి పడుతుంది. అందుకని రుద్దించి, శుభ్రం చేయించి, స్పోకుల తలల మీద చుట్టే రబ్బరు పట్టీలు కొత్తవి వేయించాం. ట్యూబులు కూడా కొత్తవే. కొత్త టైరులో పాత ట్యూబు పెట్టి మిగుల్చుకునేది ఎంతని? టైరు మీద తిరగాల్సిన వైపు చూపించే బాణం ఉంటే బిగించేటప్పుడు అటే ఉందో లేదో దగ్గరుండి చూసుకోవాలి. మొత్తం మీద ఖర్చు ఒక మోస్తరు సెల్‌ఫోను ధరలో నాలుగో వంతు.

గాలి ముందు 25, వెనక ఒక్కరికయితే 28. వెనక మనిషి ఎక్కితే ఇంకా పెంచాలి. కొత్త టైరు మొదటి వంద కిలోమీటర్లూ కాస్త నున్నగా జారే గుణంతో ఉంటుంది, అచ్చులోంచి తీసేందుకు పూసిన పదార్థం పోయేదాకా. ఆ వంద కిలోమీటర్లూ నాన్న పొడి రోడ్డు మీద, ఒక్కరే, నిదానంగా తిరిగారు. అమ్మకి ఇచ్చిన మాట ప్రకారం వర్షంలోనూ, పోర్టు రోడ్డు మీదా నడపరు. తాళం చెవి టీవీ మీంచి మళ్లీ ఆయన చొక్కా జేబులోకి చేరింది.

మొన్న ఆదివారం పొద్దున్న టార్చిలైటు పట్టుకుని నా కారు చుట్టూ తిరుగుతున్నారు నాన్న. నాలుగు టైర్లూ పర్వాలేదన్నారు. తర్వాత డిక్కీ తీయమన్నారు. కొన్నప్పట్నుంచి ఒక్కసారి కూడా దించని స్టెప్నీ మీద టార్చి వేసి, చెయ్యి పెట్టి తుడిచి, అంకెలు పైకి చదివారు. "3911."