మత్తును సెల్‌ఫోను మాన్పించగలదా?

జబ్బు చేస్తే డాక్టరు చీటీ మీద మాత్రలు, సూదిమందులు రాయడం అందరూ ఎరిగినదే. అదే చీటీ మీద సెల్‌ఫోను యాప్‌ను కూడా రాయవచ్చునని 2018 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. నల్లమందు జాతి మత్తుకు, అంటే హెరాయిన్‌కు, కొన్ని రకాల నొప్పి మాత్రలకు బానిసలైన వారి చికిత్సకు ఉద్దేశించిన ఆ యాప్ పేరు 'రీసెట్-ఓ'. దానిని తెచ్చిన పేర్ థెరప్యూటిక్స్ కంపెనీ 2023 ఏప్రిల్‌లో దివాలా పిటిషను వేసింది. మన పల్లెల్లోనూ ఇంటింటా సెల్‌ఫోను ఉన్న ఈ రోజుల్లో ఆ అనుభవం నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది.

యాప్ చేసే పని ఏమిటి?

ఇది 12 వారాల చికిత్స. రోగి ఫోనులో చిన్న చిన్న పాఠాలు చదవాలి. మత్తు మీదికి మనసు లాగినప్పుడు ఎలా మళ్లించుకోవాలి, పాత సావాసగాళ్లు పిలిస్తే ఎలా తప్పించుకోవాలి అన్నవి అందులో నేర్పుతారు. పాఠం పూర్తి చేసి జవాబులు చెబితే చిన్న బహుమతులు ఉంటాయి. రోగి రాసుకున్న వివరాలు డాక్టరుకు చేరతాయి. కాగా, దీనిని ఒంటరిగా వాడరాదు. బ్యుప్రెనార్ఫిన్ అనే మందు, డాక్టరు పర్యవేక్షణ రెండూ తోడుండాలన్నది షరతు.

ఈ పాఠాలను 170 మంది రోగులతో పరీక్షించారు. పాఠాలు చదివిన వారిలో నూటికి 82 మంది 12 వారాలూ చికిత్సలో నిలిచారు. పాఠాలు లేకుండా చికిత్స పొందిన వారిలో నిలిచింది నూటికి 68 మంది మాత్రమే. ఇది చిన్న మేలు కాదు. అయితే పాఠాల వల్ల మత్తు వాడకం తగ్గినట్లు మాత్రం రుజువు కాలేదు. మరొక సంగతి గమనార్హం. ఆ పరీక్షలో రోగులు పాఠాలు చదివింది జేబులోని ఫోనులో కాదు, బల్ల మీది కంప్యూటరులో.

ఎందుకు వదిలేస్తారు?

ఏ ఆరోగ్య యాప్‌కైనా మొదటి రోజుల్లో ఉండే ఉత్సాహం తర్వాత ఉండదు. మత్తు రోగి విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. మందు అందక ఒళ్లు నొప్పులు, వాంతులు, నిద్రలేమితో అల్లాడుతున్నవాడు పాఠం తెరిచి చదవగలడా? చేతిలో డబ్బు లేనప్పుడు ముందు అమ్ముడుపోయేది ఆ ఫోనే. రీఛార్జి అయిపోతే యాప్ తెరుచుకోదు. తన సంగతి నలుగురికీ తెలిసిపోతుందేమోనన్న భయం మరొకటి. ఈ భయం ఉత్తిది కాదు. మద్యం మాన్పించే సేవలందించే ఒక అమెరికా కంపెనీ రోగుల వివరాలను ప్రకటనల సంస్థలకు చేరవేసిందని 2024లో అక్కడి ప్రభుత్వ వాణిజ్య సంస్థ చర్య తీసుకుంది.

డబ్బు సమస్య సరేసరి. యాప్‌కు బీమా సంస్థలు చెల్లించడానికి ముందుకు రాలేదని పేర్ కంపెనీ చెప్పుకుంది. 2021లో 160 కోట్ల డాలర్లు విలువ కట్టిన ఆ కంపెనీ ఆస్తులు 2023 వేలంలో సుమారు 60 లక్షల డాలర్లకే పోయాయి.

మన సంగతి

ఇది అమెరికా గొడవ అనుకోవడానికి వీలులేదు. దేశంలో సుమారు 2 కోట్ల 26 లక్షల మంది ఈ జాతి మత్తు వాడుతున్నారని, వారిలో 77 లక్షల మందికి సాయం అవసరమని కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్ జరిపిన సర్వే 2019లో వెల్లడించింది. నొప్పికి వాడే ట్రమడాల్ మాత్రను 2018లో మత్తు మందుల చట్టం కిందికి తెచ్చారు. నడుం నొప్పికని మొదలై అలవాటుగా మారే మాత్ర ఇలాంటిదే.

కుటుంబాలు ఒక సంగతి మరువరాదు. కొన్నాళ్లు మానేసినవాడు మళ్లీ పాత మోతాదు వేసుకుంటే ఊపిరి ఆగి ప్రాణం పోవచ్చు. శరీరానికి పాత తట్టుకునే శక్తి అప్పటికి ఉండదు. పిలిచినా పలకకుండా, శ్వాస మందగించి, పెదవులు నీలిరంగుకు తిరిగితే వెంటనే 108కి ఫోను చేయాలి. చికిత్సను మధ్యలో వదలకుండా పట్టి ఉంచడం ప్రాణరక్షణ అయ్యేది ఇందుకే.

ఇందుకు ఫోను సాయం చేయగలదు. మత్తు మాన్పించే సలహాకు 14446, మానసిక ఆరోగ్యానికి 14416 నంబర్లు ఉచితంగా పనిచేస్తున్నాయి. చదువు రానివారు కూడా మాట్లాడవచ్చు. మందు వేసుకోమని, ఆసుపత్రికి రమ్మని ఫోను గుర్తు చేయగలదు. కాని రోగి వారం రోజులు కనిపించకపోతే ఇంటికి వెళ్లి తలుపు తట్టేది ఆశా కార్యకర్తో, ఏ.ఎన్.ఎం.ఓ, ఇంటి పెద్దో.

కనుక యాప్‌లు తెచ్చామని సంతృప్తి పడకుండా, జిల్లా ఆసుపత్రిలో మందులు కొరత లేకుండా ఉంచడం, చికిత్సకు రావడం మానేసినవారిని వెతికి పలకరించే సిబ్బందిని నియమించడం అధికారుల తక్షణ కర్తవ్యం. ఆ రెండూ లేనిదే ఎంత మంచి యాప్ అయినా నాలుగు రోజుల ముచ్చటే.