ఊ కొట్టేవారేరీ?

పిల్లలూ! కథ చెప్పడానికి ఎంతమంది కావాలి? ఒక్కరు చాలునంటారు మీరు. ఇద్దరు కావాలంటాను నేను. చెప్పేవారొకరు, ఊ కొట్టేవారొకరు.

బుర్రకథనే చూడండి. నడుమ నిలబడి తంబురా మీటుతూ కథకుడు కథ నడుపుతాడు. ఇరుప్రక్కలా డక్కీలు వాయిస్తూ వంతపాడేవారు ఇద్దరు. వారు "ఆహా!" అంటారు, "తరువాత ఏమైంది?" అని అడుగుతారు, నవ్విస్తారు. 1920లో పుట్టిన షేక్ నాజర్ గారు ఈ కళలో ఆరితేరినవారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. అంతటివారికీ వంత ఉండవలసిందే!

ఇంట్లో అమ్మమ్మ కథకు వంత మీరే. సెల్‌ఫోనులో కథలు బోలెడు వస్తాయి. కాని మీరు నిద్రపోయినా అది చెప్పుకుపోతూనే ఉంటుంది. దానికి మీ ఊ అక్కరలేదు. అమ్మమ్మకు కావాలి. అడిగేవారు లేకనే చాలా ఇళ్ళలో కథలు మూగబోతున్నాయి.

మా అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి నాకు సగమే వచ్చు. రాజుగారి చిన్నకొడుకు మర్రితొర్రలోకి దిగేసరికి రోజూ నాకు నిద్ర ముంచుకు వచ్చేది. తరువాతి కథ రేపడుగుదాం, ఎల్లుండడుగుదాం అనుకుంటూనే పెద్దవాణ్ణయ్యాను. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. పాపం, ఆ చిన్నకొడుకు ఇంకా తొర్రలోనే ఉన్నాడు!

మీరు అలా చేయకండి. ఈ రాత్రే కథ చెప్పమని అడగండి. చివరిదాకా ఊ కొట్టండి. రేపు దాన్ని మీ తమ్ముడికో చెల్లెలికో చెప్పండి.