వాగు గట్టున రెండు రాత్రులు

2023 దసరా సెలవుల్లో మా ఆయన "ఈసారి మారేడుమిల్లి వెళ్దాం, అడవిలో గుడారం వేసుకుని పడుకుందాం" అన్నప్పుడు నేను మొదట అడిగింది ఒకటే. "బాత్రూం ఎక్కడుంటుందండీ?" ఆయన నవ్వారు. మీరు మాత్రం నవ్వరని నాకు తెలుసు.

సామర్లకోట నుంచి పెద్దాపురం, జగ్గంపేట, గోకవరం, రంపచోడవరం మీదుగా దారి. పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి అక్కడుంటాం. వాలమూరు వాగు పక్కన అటవీశాఖ వారి ‘జంగిల్ స్టార్’ గుడారాల గురించి చాలామందే చెప్పారు. వాలి సుగ్రీవులు పోట్లాడుకున్న చోటు అదేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. సెలవులు కదా, మాకు దొరకలేదు. వేరే చోట, వాగు గట్టున ఒకాయన వేసిన నాలుగు గుడారాల్లో ఒకటి తీసుకున్నాం. కాకినాడలో లాడ్జి గదికి అయ్యే దాంట్లో సగం కూడా కాలేదు. దానికి తగ్గట్టే ఉంది లెండి. కింద టార్పాలిను, పైన గుడ్డ, కరెంటు లేదు. బాత్రూం అంటే ఓ యాభై అడుగుల దూరంలో రేకుల గది. తలుపుకి గడియ లేదు, తాడు కట్టి ఉంది.

సాయంత్రం నుంచీ నేను నీళ్ళు తాగడం మానేశాను. పెళ్ళిళ్ళలో, బస్సు ప్రయాణాల్లో మనం ఈ పని ఎన్నిసార్లు చెయ్యలేదు చెప్పండి! రాత్రికి తలనొప్పి, తెల్లారేసరికి మంట. తప్పు నాదే. ఒక టార్చిలైటు, పాత చీర, నాలుగు పిన్నీసులు ఉంటే సరిపోయేది. రెండోరోజు పిల్ల చున్నీ అడ్డం కట్టి, ఒకరు లోపలికి వెళ్తే ఒకరు బయట కాపలా నించున్నాం.

తిండికి మాత్రం లోటు లేదు. ఇంటి దగ్గరే ఉప్మా రవ్వ, పోపు, కరివేపాకు తడి లేకుండా దోరగా వేయించి, ఉప్పు కలిపి డబ్బాలో పోసుకెళ్ళాను. గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల నీళ్ళు మరగబెట్టి కలిపితే చాలు. రాత్రికి మా ఆయన రోడ్డు మీదనుంచి బొంగులో చికెన్ తెచ్చారు. పచ్చి వెదురుబొంగులో కారం, మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వెయ్యరు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో, ఎవరో వండిందాన్ని వేడివేడిగా ఆయన నాకు ఆకులో పెట్టి అందించడం అదే మొదటిసారి. ఆ రాత్రి వాగు చప్పుడు వింటూ ఎప్పుడు నిద్రపోయానో తెలీదు.

రెండోరోజు మధ్యాహ్నం ఎండ బాగానే కాస్తోంది. మా అబ్బాయి వాగు మధ్యలో బండ మీద కూర్చున్నాడు. కట్టెల మోపుతో పోతున్న ఒక కొండరెడ్ల ఆవిడ ఆగి, "అబ్బాయిని పిలమ్మా, పైన వాన పడింది" అంది. చూద్దును కదా, పొద్దున్న గులకరాళ్ళు లెక్కపెట్టగలిగిన నీళ్ళు టీ రంగులోకి మారాయి. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. "మోకాలి లోతే, వాణ్ణి హడలగొట్టకు" అన్నారు మా ఆయన. నేను వినలేదు, గొంతు చించుకుని అరిచాను. వాడు విసుక్కుంటూ గట్టెక్కాడు. పావుగంటలో ఆ బండ కనపడలేదు. ఆ సాయంత్రమంతా మా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. గుడారం పీకించి మెరకలో వేయించారు.

మనవి కాలవ నీళ్ళ ఊళ్ళు. ధవళేశ్వరంలో వదిలితే వస్తాయి, వేసవిలో కట్టేస్తే ఆగుతాయి. అందుకే నీళ్ళంటే మనకి చనువు. కొండవాగుకి ఆ లెక్కలేవీ ఉండవు. మేము వచ్చిన మరుసటేడే, 2024 సెప్టెంబరులో, మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో వైద్య విద్యార్థులు ముగ్గురు కొట్టుకుపోయి చనిపోయారు. పేపర్లో ఆ వార్త చదివి మా అబ్బాయి గది దాకా వెళ్ళి వాణ్ణి చూసి వచ్చాను.

ఇంకొకటి. తిరిగొచ్చిన పదకొండో రోజున అమ్మాయికి చలిజ్వరం. డాక్టరుగారు మాత్రలు రాస్తుంటే, మన్యం వెళ్ళొచ్చామని నేనే చెప్పాను. వెంటనే మలేరియాకి రక్తపరీక్ష చేయించారు. అదృష్టం, అది కాదు. మన్యంలో మలేరియా ఎక్కువ. దోమ కుట్టిన వారానికైనా, నెలకైనా బయటపడొచ్చట. దోమతెర మర్చిపోకండి, జ్వరమొస్తే వెళ్ళొచ్చిన ఊరు చెప్పడమూ మర్చిపోకండి.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ వెళ్దామంటున్నారు మా ఆయన. వాగులు తగ్గి ఉంటాయి, చలి మాత్రం వణికిస్తుంది. సరేనన్నాను. దుప్పట్లు, స్వెట్టర్లు తీసి ఎండలో వేశాను. నిన్న బజారుకెళ్ళినప్పుడు ఒక చిన్న గడియ, నాలుగు మేకులు కొని సంచిలో వేసుకున్నాను. సుత్తి ఇంట్లోనే ఉంది.