బొంత నమూనా వ్రాయు తెరగు

చేతిపనులలో చూచి నేర్చుకొనవలసినవి కొన్ని, చదివి నేర్చుకొనదగినవి కొన్ని. మన తెలంగాణమున బొంతకుట్టు చిరకాలము మొదటి తెగకే చెందియుండెను. తల్లి కుట్టుచుండగా బిడ్డ ప్రక్కను గూర్చుండి సూదికి దారమెక్కించి యిచ్చెడిది; కొన్నాళ్లకు తానును ఒక అంచు పట్టుకొని కుట్టెడిది. కాగితముతో పని లేకుండెను. నేడో, తల్లి కొండగట్టు దాపున నొక పల్లెలో నుండగా కూతురు హైదరాబాదులోనో, సముద్రములకు ఆవలనో కాపురముండుట సామాన్యమైనది. చూచి నేర్చుకొను వీలు లేనిచోట వ్రాసి పంపుటయే గతి. కావున ఈ నెల బొంత నమూనాను తేటగా వ్రాయుటను గూర్చి సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

ఇది చిన్న సంగతి యని తలపరాదు. ఆదిలాబాదు, జగిత్యాల సీమలలో చలి గట్టిది. కొండగట్టు అంజన్న దర్శనమునకు బండ్లు కట్టుకొని పోయిన కాలమున బొంతయే పరుపు, బొంతయే కప్పు. ఆ బొంతకు వాడు గుడ్డ అంగడిలో కొన్నది కాదు; అవ్వ కట్టి విడిచిన నేతచీర, తాత ధోవతి, పిల్లల పాత లంగాలు. అంగడి గుడ్డను తప్పుగా కత్తిరించినచో కొంత రొక్కము పోవును. గతించిన అవ్వ చీరను తప్పుగా కత్తిరించినచో అట్టిది మరల ఎక్కడ దొరకును? వ్రాసినవారి అజాగ్రత్త కుట్టువారి గుడ్డపై బడును. నమూనా తేటగా నుండవలెనని మేము పట్టుపట్టుట ఇందుకే.

తేటయైన నమూనాకు ఉదాహరణము వెదకుచు దూరము పోనక్కరలేదు. మన వాకిటి ముగ్గే చాలును. “7 చుక్కలు, సందుచుక్క, 4 వరకు” అని చెప్పినంతనే చుక్కల ముగ్గు నెరిగిన యిల్లాలు పని మొదలిడగలదు. ఎన్నిటితో మొదలిడవలెనో, వరుస వరుసకు పొందిక యెట్లో, ఎక్కడ ఆపవలెనో మూడును అందే యున్నవి. నడుమ వరుసలో 7, పైన 6, 5, 4. క్రింద 6, 5, 4. వెరసి 37 చుక్కలు. గీత గీయకముందే లెక్కించి సరిచూచుకొనవచ్చును. లెక్క, పొందిక, ముగింపు, సరిచూచుకొను తావు: ఈ నాలుగును బొంత నమూనాలో నున్నచో అది తేటయైనదే.

మొదట కొలతల మాట. పెక్కు నమూనాలు చెడునది ఇక్కడనే. “6 అంగుళముల చదరములు 80” అని మాత్రమే వ్రాసినచో, ఆ 6 అంగుళములు కత్తిరించునప్పటివో, కుట్టిన పిదప కనబడునవో తెలియదు. చదరము కుట్టిన పిదప 6 అంగుళములుండవలెననుకొందము. అడ్డముగా 8, నిలువుగా 10 పేర్చినచో బొంత 48 అంగుళముల వెడల్పు, 60 అంగుళముల పొడవు వచ్చును. పాత గుడ్డ పోగులు జారును గనుక ప్రతి ప్రక్కను అరంగుళము కుట్టులోనికి విడువవలెను. అనగా 7 అంగుళములకు కత్తిరింపవలెను. ఇది చెప్పనందున చదువరి 6 అంగుళములకే కత్తిరించెనా, చదరము 5 అంగుళములకు దిగును. బొంత 40కి 50 అగును. కప్పుకొన్న బిడ్డ కాళ్లు చలిలో నుండును. కావున ప్రతి కొలతకును “కత్తిరించునది”, “కుట్టిన పిదప నుండునది” అని రెండంకెలు వ్రాయుడు.

పిమ్మట గుడ్డ లెక్క. “రెండు పాత చీరలు కావలెను” అనిన చాలదు. పై బొంతకు రెండు రంగులైనచో రంగునకు 40 చదరములు. చీర పన్నా 45 అంగుళములైనచో అడ్డముగా 6 చదరములు వచ్చును; 7 వరుసలు తీసినచో 42 చదరములు. దానికి 49 అంగుళముల పొడవు గల గట్టి గుడ్డ కావలెను. చివికిన చోట్లు విడువవలసియుండును గనుక కొంత హెచ్చుగా చెప్పుట మేలు. ఇట్లు చెప్పినచో చదువరి తన పెట్టెలోని చీరను కత్తెర పట్టకముందే కొలిచి, చాలునో చాలదో తెలిసికొనును.

గుడ్డ జాతిని గూడ చెప్పవలెను. సిరిసిల్ల మరమగ్గములు మొదలు ఎల్లెడల నేడు పాలియెస్టరు విరివిగా వచ్చినది. నూలు గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకొనును. పాలియెస్టరు అంతగా ముడుచుకొనదు. రెంటిని ప్రక్క ప్రక్కన కుట్టి ఉతికినచో బొంత బుడిపెలు దేరును. నూలునకు పెట్టు ఇస్త్రీ వేడికి పాలియెస్టరు తాళలేదు. ఎఱ్ఱ గుడ్డ రంగు విడిచి ప్రక్క తెల్లగుడ్డను చెఱచును. “కత్తిరించుటకు ముందు అన్ని గుడ్డలను ఉతికి ఆరవేయుడు” అను ఒక్క పంక్తి ఎంతయో కీడు తప్పించును.

ఇక మాటల తీరు. ఒక వాక్యమున ఒక పనియే చెప్పుడు. ఒకచోట “చదరము” అనిన దానిని వేరొకచోట “ముక్క” అనకుడు. చదువరి రెండును వేరనుకొనును. గుడ్డ మంచివైపు ఏదో, లోవైపు ఏదో ప్రతి పటమునందును గుర్తుపెట్టుడు. ముగిసిన బొంత పటము అందముగా నుండును గాని నేర్పునది సగము కుట్టిన పటమే. వరుస ముగిసినప్పుడెల్ల “ఇప్పుడు వరుస ఇంత పొడవుండవలెను” అని వ్రాసినచో తప్పు రెండవ వరుసలోనే దొరకును, పదవ వరుస వరకు సాగదు.

ఇతర దేశముల స్త్రీలును ఈ చిక్కును ఎఱుగుదురు. అమెరికాలో 1835లోనే ఒక స్త్రీల పత్రిక ఆరు మూలల ముక్కల బొంత నమూనా ప్రకటించెను. అచ్చటి కాన్సాస్ సిటీ స్టార్ అను వార్తాపత్రిక 1928 మొదలు 1961 వరకు వేయికి పైగా నమూనాలు వేసెను. కాని పత్రికలో చోటు స్వల్పము. ఒక బొమ్మ, కొన్ని పంక్తులు. కుట్టు తెలిసినవారికి అది చాలెను, క్రొత్తవారికి చాలదు. మన ప్రక్కనున్న కర్ణాటకమున ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీలు కాగితమే లేకుండ అంచునుండి లోపలికి చుట్టు చుట్టుగా కుట్టుచు కవంది యను అందమైన బొంత చేయుదురు. అందమునకు కాగితము అక్కరలేదు. దూరమున నున్నవారికి పని చేర్చుటకే అది కావలెను.

నమూనా వ్రాసి ముగించిన పిదప ఒక పరీక్ష కలదు. బొంత యెన్నడు కుట్టని యొక ఆడుబిడ్డకో, పొరుగింటి వదినెకో ఆ కాగితమిచ్చి, పనికిరాని గుడ్డపై నాలుగు చదరములు కుట్టుమనుడు. మీరు ప్రక్కను గూర్చుండి నోరు విప్పకుడు. ఆమె ఆగిన చోటెల్ల మీ కాగితమున ఒక మాట తక్కువైనదన్న మాట. ఆ మాట చేర్చుడు. నమూనా చదువువారు అడుగుటకు మీరు ఎదుట నుండరు గదా! రంగుల కూర్పు, అంచు సొగసు మాత్రము వారి యిష్టమునకు విడువుడు. విడిచితిమని స్పష్టముగా వ్రాయుడు.

సోదరీమణులారా! మీ యింటి పెద్దల బొంతలు ఇంకను అటకమీద నున్నచో ఈ చలికాలము రాకముందే దించి ఎండబెట్టుడు. కొలువుడు, వరుసలు లెక్కింపుడు, పటము గీయుడు. కుట్టిన చేతులు ఇంకను ఇంటనున్నచో ఆమెనే అడిగి ఆమె చెప్పినట్లు వ్రాసికొనుడు. బొంత ఎంత గట్టిదైనను ఒకనాటికి చివుకును. కాగితము నిలిచినచో మీ మనుమరాలు దానిని మరల కుట్టుకొనగలదు.